పాత కారుకు సరిపడే చక్రం, టైరు ఎంచుకోవడం

ఉద్దేశాలు

ఈ పాఠ్యాంశాన్ని చదివిన తరువాత మీరు:
- టైరు మీద రాసిన అంకెల అర్థం చెప్పగలుగుతారు.
- కొత్త టైరు వ్యాసాన్ని లెక్కకట్టి, పాతదానితో పోల్చగలుగుతారు.
- రిమ్ము మార్చేముందు ఏయే కొలతలు తీసుకోవాలో వివరించగలుగుతారు.

1. పరిచయం

అంబాసిడర్ కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా తయారైంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ దీనిని 1950ల చివరి నుంచి 2014 వరకు తయారుచేసింది. ఇప్పుడు ఆ కారు కొత్తది రాదు. కానీ నెల్లూరు, కావలి, గూడూరు వంటి ఊళ్లలో తాతగారి కాలపు కారును ఇష్టంగా దాచుకున్నవారు ఇంకా ఉన్నారు.

మీ ఇంట్లోనూ అలాంటి కారు ఉందనుకుందాం. టైర్లు అరిగాయి. షాపులో పాత సైజు లేదు. "ఇదీ 15 అంగుళాలదే, పట్టేస్తుంది" అని మరొకటి చూపించారు. రిమ్ముకు ఎక్కినంత మాత్రాన టైరు కారుకు సరిపోయినట్లేనా? కాదు. ఎందుకు కాదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. టైరు మీది అంకెలు

చాలా అంబాసిడర్లకు కంపెనీ ఇచ్చిన సైజు 5.90-15. ఇందులో 5.90 టైరు వెడల్పు, 15 రిమ్ము వ్యాసం. రెండూ అంగుళాలలోనే ఉంటాయి. పక్క గోడ ఎత్తు ఇందులో రాయలేదు. ఆ కాలపు టైర్లలో అది వెడల్పులో సుమారు 95 శాతం ఉంటుందని తీసుకోవచ్చు.

నేటి టైరు మీద 175/80 ఆర్ 15 అని ఉంటుంది. 175 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతమని అర్థం. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. దీని పక్కనే భార సూచిక ఉంటుంది. సూచిక 84 అయితే ఆ టైరు 500 కిలోల వరకు మోయగలదు. కంపెనీ చెప్పిన దానికంటే తక్కువ సూచిక ఉన్న టైరు ఎన్నడూ వేయకూడదు.

3. మొత్తం వ్యాసం లెక్క

సూత్రం: మొత్తం వ్యాసం = రిమ్ము వ్యాసం + (2 × పక్క గోడ ఎత్తు). 15 అంగుళాలంటే 381 మి.మీ.

- 5.90-15: వెడల్పు 150 మి.మీ., గోడ సుమారు 142.5 మి.మీ., మొత్తం సుమారు 666 మి.మీ.
- 175/80 ఆర్ 15: గోడ 140 మి.మీ., మొత్తం 661 మి.మీ.
- 165/80 ఆర్ 15: గోడ 132 మి.మీ., మొత్తం 645 మి.మీ.
- 185/60 ఆర్ 15: గోడ 111 మి.మీ., మొత్తం 603 మి.మీ.

నాలుగూ 15 అంగుళాలవే. కానీ చివరిది పాతదానికంటే 63 మి.మీ. చిన్నది. దీనివల్ల కారు అడుగుభాగం సుమారు 31 మి.మీ. కిందికి దిగుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీది గతుకుల దారిలో ఆ తేడా వెంటనే తెలుస్తుంది. స్పీడామీటరు 60 చూపినప్పుడు అసలు వేగం 54 మాత్రమే ఉంటుంది. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కి.మీ. వెళితే మీటరులో 193 కి.మీ. అని పడుతుంది.

టైరు పెద్దదైతే జరిగేది దీనికి వ్యతిరేకం. మీటరు తక్కువ చూపుతుంది, కారు ఎక్కువ వేగంతో పోతుంది. ఇది ఇంకా ప్రమాదకరం. అందువల్ల మార్పు 3 శాతం లోపల ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. దీని ప్రకారం 175/80 బాగా దగ్గరది. 165/80 అంచున ఉంది. 185/60 పనికిరాదు.

లెక్కను కొలతతో సరిచూసుకోండి. టైరుకు, నేలకు సుద్దతో గుర్తుపెట్టి, కారును సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా నెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరం ఈ కారుకు సుమారు 2 మీటర్లు రావాలి. అయితే ఇప్పుడున్న టైరును ఇంతకుముందే ఎవరైనా మార్చి ఉండవచ్చు. కాబట్టి ముందు కారుతో వచ్చిన పుస్తకంలో సైజు చూడండి.

4. రిమ్ము కొలతలు

ప్రతి టైరుకూ తగిన రిమ్ము వెడల్పు ఉంటుంది. 165/80కి 4 నుంచి 5.5 అంగుళాలు, 175/80కి 4.5 నుంచి 6 అంగుళాలు సరిపోతాయి. పాత కార్ల రిమ్ములు సన్ననివి. కాబట్టి మీ రిమ్మును కొలిచిన తరువాతే టైరు నిర్ణయించండి. సన్నని రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే మలుపులో అది పక్కకు ఒరుగుతుంది.

రిమ్మునే మార్చాలనుకుంటే మరో మూడు సంగతులు చూడాలి. మొదటిది, స్టడ్ల వలయం. నాలుగు స్టడ్లుంటే ఎదురెదురు స్టడ్ల మధ్య దూరమే వలయ వ్యాసం. ఐదుంటే పక్కపక్క స్టడ్ల మధ్య దూరాన్ని 1.7తో గుణించాలి. రెండవది, మధ్య రంధ్రం హబ్బుకు సరిపోవాలి. మూడవది, ఆఫ్‌సెట్. అంటే హబ్బుకు ఆనే ముఖం రిమ్ము మధ్యగీతకు ఎంత దూరంలో ఉందన్న కొలత. అది తప్పితే చక్రం బయటికి వచ్చి మడ్‌గార్డుకో, లోపలికి పోయి వెనుక కమాన్లకో రాసుకుంటుంది.

బిగించాక కారులో మనుషులను కూర్చోబెట్టి, స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడా టైరు తగలకూడదు.

5. బయాస్, రేడియల్

5.90-15 బయాస్ రకం టైరు. దీనిలో దారాల పొరలు ఒకదానిపై ఒకటి ఏటవాలుగా వెళతాయి. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా వెళతాయి. మలుపులో ఈ రెండింటి నడక వేరు. ఒకే ఇరుసుకు ఒకవైపు బయాస్, మరోవైపు రేడియల్ వేయకూడదు. ముందు రేడియల్, వెనుక బయాస్ కూడా వద్దు. మారిస్తే నాలుగూ, స్టెప్నీతో సహా మార్చండి. పాత రిమ్ములో ట్యూబు తీసేయవద్దు. రేడియల్‌కు తగిన ట్యూబే వాడండి.

6. సముద్రతీరంలో జాగ్రత్తలు

మైపాడు, కోడూరు వైపు వీచే ఉప్పుగాలి ఇనుప రిమ్మును తినేస్తుంది. టైరు ఆనే అంచులో తుప్పు బయటికి కనిపించదు. టైరు విప్పినప్పుడు ఆ అంచు చూడండి. పైపై తుప్పయితే గీకి రంగు వేయించండి. గుంటలు పడి ఉంటే రిమ్మునే తీసేయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వాన. జాతీయ రహదారి 16 మీద నీరు నిలిచినప్పుడు వెడల్పు టైరు నీటిపై తేలే అవకాశం ఎక్కువ. కాబట్టి వెడల్పు ఎంత పెరిగితే అంత భద్రత అనుకోవద్దు.

తక్కువ తిరిగే కారుకు ట్రెడ్డు అరగదు, రబ్బరు మాత్రం ముదురుతుంది. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. గోడకు పగుళ్లుంటే ట్రెడ్డు ఎంత ఉన్నా ఆ టైరు మార్చవలసిందే.

7. సారాంశం

రిమ్ము అంకె కలిసినంత మాత్రాన టైరు సరిపోదు. మొత్తం వ్యాసం, భార సూచిక, రిమ్ము వెడల్పు, చుట్టూ ఖాళీ, ఈ నాలుగూ కలవాలి. షాపులో ఉన్నదానికి కారును సర్దకండి. కారుకు తగినది దొరికేదాకా ఆగండి. ఆ కారులో కూర్చునేది మీ ఇంటివారే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ప్రీమియర్ పద్మిని టైరు 5.20-14. దాని బదులు 155/80 ఆర్ 14 వేయవచ్చా? 14 అంగుళాలు = 356 మి.మీ.
2. టైరు పెద్దదైతే స్పీడామీటరు ఎలా తప్పుతుంది?

జవాబులు

1. పాతది సుమారు 607 మి.మీ., కొత్తది 604 మి.మీ. తేడా ఒక శాతంలోపే. వ్యాసం సరిపోతుంది. మిగిలిన మూడూ కూడా సరిచూడాలి.
2. అసలు వేగం కంటే తక్కువ చూపుతుంది.