ఐటీ పాత బకాయి నోటీసు వచ్చిందా? ఎవరి దగ్గరికి వెళ్లాలి.. ఎవరి దగ్గరికి వెళ్లొద్దు

సింగరేణి గనులు, రామగుండం ఎన్టీపీసీ, సర్కారు ఆఫీసులు, బడులు.. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో నెల జీతంపై నడిచే ఇళ్లు వేలల్లో ఉన్నాయి. ట్యాక్స్ జీతంలోనే కట్ అవుతుంది కదా, ఇక బకాయి ఎక్కడిదని చాలామంది ధీమా. తీరా రీఫండ్ కోసం చూస్తుంటే 'పాత బకాయి కింద సర్దుబాటు చేస్తాం' అని మెసేజ్ వస్తుంది. అప్పుడేం చేయాలి?

ముందు బకాయి నిజమో కాదో చూడండి

ఐటీ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో పాన్‌తో లాగిన్ అయితే ఏ ఏడాదికి ఎంత బాకీ చూపిస్తున్నారో తెలుస్తుంది. అది తప్పని తేలితే అక్కడే అభ్యంతరం చెప్పొచ్చు. జీతంలో కట్ చేసిన టీడీఎస్‌ను యజమాని ప్రభుత్వానికి కట్టకపోతే, ఆ సొమ్మును ఉద్యోగి నుంచి మళ్లీ వసూలు చేయకూడదని చట్టమే చెబుతోంది. అందుకు రుజువు ఫామ్-16, జీతం స్లిప్పులే. చిన్న పాత బాకీలకు 2024లో కేంద్రం మాఫీ కూడా ఇచ్చింది. 2009-10 వరకు రూ.25 వేల లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు రూ.10 వేల లోపు డిమాండ్లు, ఒక్కొక్కరికి మొత్తం లక్ష రూపాయలు మించకుండా రద్దు చేశారు.

ఊరుకుంటే పెరుగుతుంది

గడువు దాటిన బాకీపై నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది. రూ.50 వేల బాకీని ఐదేళ్లు వదిలేస్తే వడ్డీ ఒక్కటే రూ.30 వేలు. ఆపై పెనాల్టీ, బ్యాంకు ఖాతా అటాచ్‌మెంట్ దాకా పోవచ్చు.

సీఏ ఏం చేస్తారు?

లెక్కలో పొరపాటు ఉంటే సవరణకు దరఖాస్తు వేస్తారు. ఆర్డర్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకే దీనికి అవకాశం. ఆర్డరే ఒప్పుకోలేనిదైతే అప్పీలు.. గడువు 30 రోజులు. అప్పీలు తేలేదాకా వసూలు ఆపాలంటే మామూలుగా బాకీలో కొంత శాతం కట్టాలి. బాకీ నిజమే, చేతిలో డబ్బు లేదంటే వాయిదాలు అడగొచ్చు. నిజంగా ఇబ్బందుల్లో ఉన్నవారు వడ్డీ తగ్గించమని కోరే దారీ ఉంది. మీ తరఫున అధికారి ముందు సీఏ గానీ, అడ్వకేట్ గానీ హాజరు కావచ్చు.

వీళ్లతో జాగ్రత్త

'ఎంత రీఫండ్ వస్తే అందులో ఇంత శాతం ఇవ్వండి' అనేవాళ్లకు దూరంగా ఉండండి. బోగస్ మినహాయింపులు చూపించి రీఫండ్లు ఇప్పిస్తున్న వాళ్లపై 2025 జులైలో ఐటీ శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. ఏజెంట్ ఏం రాసినా రిటర్న్ మీ పేరు మీదే ఉంటుంది.. జవాబు చెప్పాల్సిందీ మీరే.

వెళ్లే ముందు ఇవి గుర్తుంచుకోండి

- సీఏ మెంబర్‌షిప్ నంబర్ అడగండి.
- ఫీజు ఎంతో ముందే మాట్లాడుకోండి. రసీదు తీసుకోండి.
- పాస్‌వర్డ్, ఓటీపీ ఇవ్వొద్దు. పోర్టల్‌లోనే మీ సీఏను యాడ్ చేసే ఆప్షన్ ఉంది.
- నోటీసులు, ఫామ్-16, ఫామ్ 26ఏఎస్, పాత రిటర్నులు వెంట తీసుకెళ్లండి.
- బాకీ సొమ్ము ఎవరి చేతికీ ఇవ్వొద్దు. పోర్టల్‌లో చలానా తీసి మీరే కట్టండి.