చొరవకు ఎవరు అడ్డు?

విస్సన్నపేట వెళ్లినప్పుడల్లా ఈ మధ్య ఒకే మాట వినిపిస్తోంది: కూలీల్లో పనితనం పోయిందని. మామిడితోటలున్నవారూ, వరి వేసేవారూ అదే అంటున్నారు. నేరం ఉపాధి హామీ మీద మోపుతున్నారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం ఒక గ్రామీణ కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చింది 100 రోజుల పనికే. మిగిలిన 265 రోజుల బద్ధకానికీ అదే కారణమనడం వింత లెక్క.

మా నాన్న ఈ ప్రాంతంలోనే ఒక ఆసామి దగ్గర పన్నెండేళ్లు పాలేరుగా చేశారు. అర్ధరాత్రి వాన పడితే ఎవరూ పిలవకుండానే పార పట్టుకొని గట్లు చూడటానికి పోయేవారు. ఆసామి నలుగురిలో ‘మా ఇంటి మనిషి’ అని మెచ్చుకునేవారు. ఆ ఇంటి మనిషి గ్లాసు మాత్రం పశువుల పాక చూరులో ఉండేది. ఒక ఏడు కోతలప్పుడు మబ్బు చూసి, పనలు ఆ సాయంత్రమే కుప్ప వేద్దామన్నారట నాన్న. ‘నువ్వు చెబితే మేం చేయాలా?’ అన్నది జవాబు. ఆ రాత్రే వాన కురిసింది. నష్టం లెక్క చూసుకునే వేళ, ‘పాలేరన్నవాడు గట్టిగా చెప్పొద్దా?’ అన్నారట. ఆ తర్వాత నాన్న చెప్పిన పని చేశారు, చెప్పనిది చేయలేదు. ఊళ్లో ఆయనకు మందకొడి అన్న పేరు వచ్చింది.

కులం పనిని కాదు, పనిచేసేవారిని విడదీస్తుందన్న అంబేడ్కర్ వాదన మా విద్యార్థులందరికీ కంఠస్థమే. 1936 నాటి ‘కుల నిర్మూలన’లోనే ఆయన మరో సంగతీ లేవనెత్తారు: వృత్తిని పుట్టుకతో అంటగట్టే వ్యవస్థ ఆర్థికంగానూ దండగేనని. పరీక్షల్లో ఆ భాగం ఎవరూ రాయరు.

ఇక సానుభూతి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో చౌదరయ్య కొడుకు రామానాయుడికి సంగదాసుతో ఉన్నది నిజమైన స్నేహమే. చౌదరయ్య దెబ్బ నుంచి సంగదాసును అది కాపాడలేకపోయింది. 1922 నాటి ఆ నవల చదివాక, మంచి యజమాని ఉంటే చాలునన్న మాట నాకు రుచించదు. అలాగని యజమానులంతా చౌదరయ్యలూ కారు. నేడు కూలి ఇవ్వాల్సినవారిలో ఎందరో కౌలురైతులే. పంట పోయినా కౌలు కట్టక తప్పనివారు.

పోయిన వేసవిలో ఒక మామిడితోటకు వెళ్లాను. తోటను కౌలుకు తీసుకున్నాయన తానూ ఒకప్పుడు ముఠాలో పనిచేసినవాడే. కోత వేళలను ముఠావాళ్లకే వదిలేశారు. తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే చిక్కాలు దించేస్తున్నారు. తొడిమ ఉంచి కోయకపోతే సొన కారి కాయకు మచ్చ పడుతుందని కొత్త కుర్రాడికి ఒక పెద్దామె నేర్పుతోంది. అది ఆమెకు అప్పగించిన పని కాదు. టీ వచ్చినప్పుడు అందరివీ ఒకే రకం గ్లాసులు.

ఇంటికొచ్చి నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయన గ్లాసుల సంగతి మరోసారి చెప్పించుకున్నారు. తర్వాత, ‘ఆమెకు కూలి ఎంతిస్తున్నాడు?’ అని అడిగారు. మగవాళ్లకంటే తక్కువేనని చెప్పాను. సమాన వేతన చట్టం వచ్చింది 1976లో.