ఆటిజం స్వీయహక్కుల ఉద్యమం - శాస్త్ర పరిశోధన

ఆటిజం స్వీయహక్కుల ఉద్యమం అనగా ఆటిజం కలిగిన వ్యక్తులే తమ హక్కులను, అవసరాలను గురించి స్వయంగా మాట్లాడుటకు చేపట్టిన ఉద్యమం. ఇది 1990వ దశకంలో ఉత్తర అమెరికాలో రూపుదిద్దుకున్నది. ఈ ఉద్యమానికీ, ఆటిజంపై జరుగుతున్న శాస్త్ర పరిశోధనకూ మధ్య పలు అంశాలలో ఘర్షణ ఏర్పడినది. ఆటిజం నివారించవలసిన రుగ్మతయా, లేక మానవ మేధస్సులోని ఒక భిన్న రీతియా అన్నది ఇందులో మూలప్రశ్న. దీనికి చెప్పే సమాధానాన్ని బట్టి ఏ విషయాన్ని పరిశోధించాలి, నిధులు ఎక్కడ వెచ్చించాలి అన్నవి మారుతాయి.

నేపథ్యం

1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించాడు. తరువాతి దశాబ్దాలలో, తల్లులు చూపే నిరాదరణయే దీనికి కారణమన్న సిద్ధాంతం ప్రచారంలోకి వచ్చినది. బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వవేత్త 1964లో వెలువరించిన గ్రంథంలో దీనిని ఖండించి, ఆటిజానికి మూలం నాడీవ్యవస్థలో ఉన్నదని వాదించాడు. ఆయన స్వయంగా ఆటిజం గల బాలుని తండ్రి. ఈ విధంగా విజ్ఞానశాస్త్రం తల్లులను అపనింద నుండి తప్పించినది. పెక్కుమంది తల్లిదండ్రులు పరిశోధనను తమ పక్షంగా భావించుటకు ఇది ఒక కారణం. అయితే ఈ చర్చలలో ఆటిజం గల వ్యక్తుల మాటకు చోటు దక్కలేదు.

1992లో జిమ్ సింక్లైర్ మొదలైనవారు ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అను సంస్థను స్థాపించారు. 1993లో టొరంటోలో జరిగిన సమావేశంలో సింక్లైర్ తల్లిదండ్రులనుద్దేశించి ప్రసంగించి, ఆటిజం గల బిడ్డ పుట్టినందుకు శోకించవద్దని కోరారు. ఆటిజాన్ని వ్యక్తి నుండి వేరుచేసి చూడలేమన్నది ఆ ప్రసంగ సారాంశం. 2006లో అమెరికాలో ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వొకసీ నెట్‌వర్క్ ఏర్పడినది.

చికిత్సపై వివాదం

1987లో ఐవార్ లోవాస్ ఒక అధ్యయనాన్ని ప్రచురించాడు. వారానికి 40 గంటల చొప్పున ప్రవర్తనా శిక్షణ పొందిన 19 మంది పిల్లలలో 9 మంది సాధారణ పిల్లల స్థాయికి చేరారని అందులో పేర్కొన్నాడు. పిల్లలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించకపోవుట ఈ అధ్యయనంలోని లోపమని విమర్శకులు చూపారు. ఆ శిక్షణలో దండన కూడా భాగంగా ఉండినది. పిల్లవాడు ఇతరులవలె కనిపించుటే లక్ష్యం కారాదనీ, చేతులు ఆడించుట వంటి హానిలేని అలవాట్లను మాన్పించుట అనవసరమనీ ఉద్యమకారుల వాదన.

కెనడాలో కొన్ని కుటుంబాలు ఈ శిక్షణ ఖర్చును ప్రభుత్వమే భరించాలని న్యాయస్థానానికి వెళ్ళాయి. స్వయంగా ఆటిజం గల మిషెల్ డాసన్ ఆ వ్యాజ్యంలో జోక్యం చేసుకొని, ఈ శిక్షణ శాస్త్రీయతను, నైతికతను ప్రశ్నించింది. 2004లో ఆ దేశ సుప్రీంకోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు ఇచ్చినది. తరువాత డాసన్ మాంట్రియల్‌లో లోరాన్ మాట్రాన్ బృందంతో పరిశోధన సాగించింది. 2007లో వారు ప్రచురించిన పత్రం ప్రకారం, ఆటిజం గల పిల్లలు వెక్స్‌లర్ పరీక్షలో కన్న, ఆకృతుల ఆధారంగా సాగే రేవెన్ పరీక్షలో సగటున 30 పర్సెంటైల్ స్థానాలు ఎక్కువ సాధించారు. అనగా కొలిచే సాధనం మారితే తెలివిని గురించిన అంచనా కూడా మారుతుందన్నమాట.

జన్యు పరిశోధన

2021 ఆగస్టులో బ్రిటన్‌లో స్పెక్ట్రమ్ 10కె అను అధ్యయనం ప్రారంభమైనది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన సైమన్ బారన్-కోహెన్ దీనికి సారథి. ఆటిజం గల 10,000 మంది నుండి లాలాజలం ద్వారా డి.ఎన్.ఎ. సేకరించుట దీని ఉద్దేశం. ఈ సమాచారం మున్ముందు గర్భస్థ శిశు పరీక్షలకు దారితీసి, ఆటిజం గల పిల్లలు పుట్టకుండా చేయుటకు ఉపయోగపడవచ్చునని పలువురు భయపడ్డారు. అటువంటి ఉద్దేశం తమకు లేదని పరిశోధకులు ప్రకటించారు. కాని ఒకసారి ఇచ్చిన జన్యు సమాచారాన్ని భవిష్యత్తులో ఎవరు, ఎందుకు వాడుతారన్న ప్రశ్నకు ఆ హామీ చాలదని వ్యతిరేకులు భావించారు. నిరసనల మధ్య 2021 సెప్టెంబరులో అధ్యయనాన్ని నిలుపుచేశారు.

ఉద్యమంపై విమర్శ

మాటలు రాని, నిరంతర సంరక్షణ అవసరమైన పిల్లల తల్లిదండ్రులు కొందరు ఈ ఉద్యమాన్ని విమర్శిస్తారు. చక్కగా మాట్లాడగలవారు తమ పిల్లలందరికీ ప్రతినిధులు కాలేరని, మూర్ఛలు, స్వీయహింస వంటి బాధలకు వైద్య పరిశోధన అత్యవసరమని వారి వాదన. మాట రానంత మాత్రాన అభిప్రాయం లేదనుకొనరాదనీ, మూర్ఛ చికిత్సను తాము వ్యతిరేకించుట లేదనీ ఉద్యమకారుల సమాధానం. 2021లో లాన్సెట్ కమిషన్ ఇటువంటివారి కొరకు 'ప్రగాఢ ఆటిజం' అను పదాన్ని సూచించగా, దానిపై కూడా భేదాభిప్రాయాలు వ్యక్తమైనాయి.

భాగస్వామ్య పరిశోధన

బ్రిటన్‌లో ఆటిజం పరిశోధన నిధులపై 2013లో వెలువడిన నివేదిక ప్రకారం, సగానికి పైగా నిధులు జీవశాస్త్రం, మెదడు, జ్ఞానప్రక్రియల అధ్యయనాలకే వెళ్ళాయి. నిత్యజీవితానికి తోడ్పడే సేవలపై పరిశోధనకు దక్కినది స్వల్పం. ఈ అసమానతను సరిదిద్దుటకు ఆటిజం గలవారు పరిశోధన ప్రశ్నలను నిర్ణయించే దశనుండే పాల్గొనే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చినది. అమెరికాలో 2006లో మొదలైన ఆస్పైర్ బృందం ఇందుకు ఉదాహరణ.

ఆటిజం గల పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో 'ద్విముఖ సహానుభూతి సమస్య' అను భావనను ప్రతిపాదించాడు. అపార్థం ఒకవైపు నుండే కాక, ఇరువైపుల నుండీ కలుగుతుందని దీని అర్థం. 2020లో జరిగిన ఒక ప్రయోగం దీనిని బలపరచగా, 2025లో ప్రచురితమైన మరింత పెద్ద ప్రయోగంలో సమాచార మార్పిడిలో ఆ తేడా కనిపించలేదు. ఉద్యమం నుండి పుట్టిన భావనలు కూడా శాస్త్ర పరీక్షకు నిలబడవలసినవే. ఆ పరీక్షలో ఆటిజం గలవారు కేవలం పరిశీలనా వస్తువులుగా కాక, పరిశీలకులుగా కూడా ఉండుట ఈ ఉద్యమం తెచ్చిన ముఖ్యమైన మార్పు.

ఇవి కూడా చూడండి

ఆటిజం
వికలాంగుల హక్కులు
మనస్తత్వ శాస్త్రం
జన్యుశాస్త్రం