తాళం వేసిన గదిలో ఏముంది? అపోహలు – వాస్తవాలు

ఖరగ్‌పూర్‌లోని పూరీ గేట్ లాంటి చోట సామాన్లకు గది వెతుక్కోవాల్సిన అవసరం ఎక్కువగా ఇద్దరికి వస్తుంది. సెలవులకు హాస్టల్ గది ఖాళీ చేసే ఐఐటీ విద్యార్థి ఒకరు. రిటైరైన రైల్వే ఉద్యోగి ఇంకొకరు. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లో పాతుకుపోయిన తెలుగు కుటుంబాలకు ఆ రెండో అవసరం బాగా తెలుసు. రిటైరయ్యాక క్వార్టర్‌లో నాలుగు నెలలు మామూలు అద్దెకు, మరో నాలుగు నెలలు రెట్టింపు అద్దెకు ఉండనిస్తారు. ఈలోగా ఇల్లు పూర్తికాకపోతే బీరువా, మంచాలు, ఇన్వర్టర్, మోటారు సైకిల్ అన్నీ ఏదో ఒక షట్టరు గదిలోకి చేరాల్సిందే. పెద్ద నగరాల్లో దీన్నే సెల్ఫ్ స్టోరేజ్ పేరుతో వ్యాపారంగా నడుపుతున్నారు. పేరేదైనా ఆ గదిని గురించి మనలో నాటుకుపోయిన కొన్ని నమ్మకాలు ప్రాణాంతకమైనవి. వాటి గురించి గట్టిగానే చెప్పాలి.

అపోహ: ఖాళీ సిలిండరే కదా, మూలన పడుంటుంది.

మంట ఆగిపోయినంత మాత్రాన సిలిండర్ పూర్తిగా ఖాళీ అయినట్టు కాదు. లోపల కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది కాబట్టి, వాల్వు కొద్దిగా కారినా అది పైకి పోకుండా నేలబారున పరుచుకుంటుంది. కిటికీ లేని, షట్టరు దించిన గదిలో అది బయటికి పోయే దారే ఉండదు. నెలల తర్వాత ఎవరో వచ్చి స్విచ్ వేస్తారు. ఊరు మారేటప్పుడు సిలిండర్‌ను, రెగ్యులేటర్‌ను ఏజెన్సీకి అప్పగిస్తే డిపాజిట్ తిరిగి ఇస్తారు, కొత్త ఊళ్ళో మళ్ళీ కనెక్షన్ తీసుకోవచ్చు. గది తెరవగానే గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా బయటికి వచ్చి, దూరం నుంచి 1906కు ఫోన్ చేయండి.

అపోహ: బండిలో లీటరు పెట్రోలుంటే ఏమవుతుంది?

మోటారు సైకిల్‌ను పార్సిల్‌లో పంపాలంటే ట్యాంకు ఖాళీ చేయనిదే రైల్వే తీసుకోదు. ఈ సంగతి రైల్వే ఊరివాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ప్రమాదకరమైన వస్తువులను చట్టవిరుద్ధంగా రైల్లో తీసుకెళ్తే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. పార్సిల్ వ్యాగన్‌కు పాటించే ఈ జాగ్రత్త, మనుషులు తిరిగే సందులోని గదికి ఎందుకు పాటించం?

అపోహ: గోడౌన్ కాలితే సామాన్లే పోతాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే నమ్మకం ఇది. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోడౌన్ తగలబడింది. దాని పై గదిలో బీహార్ నుంచి పనికి వచ్చిన కార్మికులు నిద్రపోతున్నారు. కిందికి దిగాలంటే ఒక్కటే మెలికల మెట్లదారి, అదీ గోడౌన్‌లోంచే. 11 మంది చనిపోయారు. కిందికి దూకిన ఒక్కరే బతికారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లోనే ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ మెట్లదారిలోంచి పై అంతస్తులకు ఎగబాకడంతో 8 మంది ప్రాణాలు పోయాయి. బెంగాల్‌లో ఉన్నవాళ్ళకు 2011 డిసెంబర్ 9 గుర్తుండే ఉంటుంది. కోల్‌కతా ఢాకురియాలోని ఆమ్రి ఆసుపత్రిలో కార్లు నిలపాల్సిన బేస్‌మెంట్‌ను సామాన్లతో నింపారు. అక్కడ పుట్టిన పొగ వార్డుల్లోకి చేరి సుమారు 90 మందిని బలి తీసుకుంది. వాళ్ళలో ఎక్కువమంది మంచం దిగలేని రోగులు.

ఈ మూడు చోట్లా సామాను ఒకరిది, ప్రాణాలు మరొకరివి. పాత పరుపులు, ఫోము సోఫాలు, ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు సైనైడ్ వాయువు కూడా ఉంటుంది. మంట తగలకముందే మనిషి స్పృహ తప్పుతాడు. అందుకే గది అద్దెకు తీసుకునేటప్పుడు ముందు తల పైకెత్తి చూడండి. పైన ఎవరైనా కాపురముంటున్నారా, పడుకుంటున్నారా? వాళ్ళకు వేరే మెట్లదారి ఉందా? లేకపోతే ఎంత చవకైనా ఆ గది వద్దు. ఆ మెట్ల కింద ఒక్క అట్టపెట్టె కూడా పెట్టవద్దు.

అపోహ: కలరా ఉండలు ఎన్ని వేస్తే అంత మంచిది.

కలరా ఉండలంటే నాఫ్తలీన్. మూసిన గదిలో అది ఆవిరై బట్టల్లోకి, పరుపుల్లోకి పడుతుంది. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళలో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను చిట్లగొడుతుంది. పసిపిల్లల్లో తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. అమ్మమ్మ ఏళ్ళ తరబడి పెట్టెలో దాచిన పొత్తిళ్ళను తీసి నేరుగా పురిటిబిడ్డకు చుట్టకూడదు. ఉతికి, రెండు మూడు రోజులు గాలికీ ఎండకూ ఆరేయాలి. అసలు పిల్లల బట్టల మధ్య ఆ ఉండలు వేయకపోవడమే మేలు.

దీనికంటే ఘోరమైనది ధాన్యం నిల్వల్లో పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ. చెదలకనీ ఎలుకలకనీ కొందరు దాన్ని బీరువా వెనక పడేస్తారు. గాలిలోని తేమ తగలగానే అందులోంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. మూడు గ్రాముల బిళ్ళ నుంచి ఒక గ్రాము విషవాయువు. అది గోడ బీటల్లోంచి, తలుపు సందుల్లోంచి పక్క గదికి పాకుతుంది. దానికి విరుగుడు మందు లేదు. 2017 జనవరిలో అమెరికాలోని అమరిల్లో పట్టణంలో ఒక తండ్రి ఇంటి కింద వేసిన ఆ మందును కడిగేద్దామని నీళ్ళు చల్లాడు. నీళ్ళతో వాయువు ఇంకా ఎక్కువగా పుట్టి నలుగురు పిల్లలు చనిపోయారు. మన దేశంలో ఈ బిళ్ళలను అనుమతి ఉన్న సంస్థలే నిపుణుల పర్యవేక్షణలో వాడాలి. కొట్లో విడిగా అమ్ముతున్నా కొనకండి. గదిలో అవి కనిపిస్తే నీళ్ళు తగలనివ్వకుండా, అందరినీ బయటికి తెచ్చి, అగ్నిమాపక దళాన్ని పిలవండి.

అపోహ: పాలిథిన్ కవరు బిగించి చుడితే తేమ పట్టదు.

చుట్టేటప్పుడు చెక్కలో, పరుపులో ఉన్న తేమ కవరు లోపలే ఉండిపోతుంది. వానాకాలం వచ్చేసరికి బూజు తయారు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ మూట విప్పితే ఊపిరాడదు. బాగా ఎండబెట్టి, నూలుగుడ్డ కప్పి, ఇటుకల మీద చెక్క వేసి నేలకూ గోడకూ తగలకుండా ఎత్తులో పెట్టండి.

అపోహ: బ్యాటరీ తీసి పక్కన పెడితే చాలు.

ఉబ్బిన, కిందపడి దెబ్బతిన్న లిథియం బ్యాటరీ వాడకపోయినా అంటుకోవచ్చు. దాన్ని దాచవద్దు. మంచిదైతే సగం చార్జింగ్‌తో చల్లని చోట ఉంచాలి. రేకుల కప్పు కింద మే నెల ఎండలో పెట్టకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీని పడుకోబెడితే యాసిడ్ కారుతుంది. మూసిన గదిలో చార్జింగ్ పెడితే హైడ్రోజన్ పేరుకుంటుంది, దానికి ఒక నిప్పురవ్వ చాలు.

అపోహ: గది తెరవగానే చీపురు పట్టాలి.

ముందు తలుపులు తెరిచి ఓ అరగంట బయట నిలబడండి. ఎలుకల పెంటికలను పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. బ్లీచింగ్ నీళ్ళు చల్లి, నాననిచ్చి, చేతి తొడుగులు వేసుకుని గుడ్డతో ఎత్తేయాలి. ఎలుకలున్న చోటికి పాములూ వస్తాయి. పెట్టెల వెనక ఉత్త చేయి పెట్టకండి, కర్రతో కదిపి చూడండి. కట్లపాము కాటుకు నొప్పీ వాపూ లేకపోవచ్చు. అంతమాత్రాన ఏమీ కాలేదనుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అపోహ: ఫ్రిజ్ తలుపు మూసే ఉంచాలి.

మూస్తే లోపల బూజు పడుతుంది. దాగుడుమూతలాడే పిల్లలు అందులో దూరితే గాలాడదు. తలుపు ఊడదీసి పక్కన ఆనించడం, కుదరకపోతే ఫ్రిజ్ తలుపును గోడకేసి పెట్టడం మంచిది.

అపోహ: మన సామాను జాగ్రత్తగా సర్దుకుంటే చాలు.

2018 డిసెంబర్ 31న లండన్ క్రాయిడన్‌లో ఒక సెల్ఫ్ స్టోరేజ్ భవనం కాలిపోయింది. సుమారు 1,200 గదుల సామాను బూడిదైంది. అక్కడ నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. తమ గదిని ఎంత పొందికగా సర్దుకున్నా ఎవరికీ ఏమీ మిగల్లేదు. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు యజమానితో మాట్లాడండి. పక్క గదుల్లో ఏమున్నాయి? మీటరు బోర్డు ఎక్కడుంది? మంటలార్పే సిలిండర్ ఉందా, దాన్ని ఎప్పుడు పరీక్షించారు? గ్యాస్, పెట్రోలు, టపాకాయలు, పురుగుమందు ఎవరూ పెట్టరాదనే షరతు అద్దె కాగితంలో రాయించండి. ఆ షరతు పక్క గదివాళ్ళ కాగితంలోనూ ఉందో లేదో చూపించమని అడగండి.