అలివి వల

మన పావగడ తాలూకా బాలబాలికలలో పెక్కండ్రు సముద్రమును చూచి యుండరు. కాని సముద్రమునకు పోవు నదిని ఎల్లరును ఎఱుగుదురు. నందికొండల ప్రాంతమున పుట్టి, మన నాగలమడిక మీదుగా సాగు ఉత్తర పినాకిని, అనంతపురము, కడప సీమలను దాటి, నెల్లూరునకు దిగువను ఊటుకూరు కడ బంగాళాఖాతమున కలియును. దాని నిడివి 597 కిలోమీటర్లు. మన యొద్ద ఏడాదిలో చాలకాలము ఇసుకయే కానవచ్చు ఈ యేరు కడలిని చేరుననుట చిన్ననాడు మాకును నమ్మశక్యముగా నుండెడిది కాదు.

2003లో నెల్లూరు సీమలో ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా, ఒక ఆదివారమున మేమును నలుగురు మిత్రులును ఆ తీరమునకు పోయితిమి. అచ్చట జాలరులు అలివి వల వేయుచుండిరి. మేమును త్రాడు పట్టుదుమని అడుగగా, నవ్వి సరేయనిరి.

అలివి వల యనగా ఒడ్డున నిలిచి లాగెడి పెద్దవల. దాని నడుమ సంచి, సంచికి ఇరువైపుల రెక్కలు, రెక్కల కొనలకు పొడవైన త్రాళ్ళు ఉండును. పై యంచున బెండ్లును, క్రింది యంచున బరువులును కట్టుటచే వల నీటిలో గోడవలె నిలుచును. రెక్కల కన్నులు పెద్దవి. సంచిని సమీపించుకొలది కన్నులు చిన్నవగును.

ఒక త్రాటి కొనను కొందఱు ఒడ్డున పట్టుకొని నిలుతురు. పడవ ఆ త్రాటిని, పిదప వలను విడుచుకొనుచు అర్ధచంద్రాకారముగా తిరిగి, రెండవ త్రాటి కొనతో కొంత దూరమున ఒడ్డు చేరును. అంతట రెండు జట్లును లాగుచు, క్రమముగా ఒండొంటికి దగ్గఱగును. కదలు త్రాళ్ళకు బెదరి చేపలు నడుమకు మరలును. రెక్కలు వానిని సంచివైపునకు నడుపును.

మేము ఉత్సాహము పట్టలేక మా వైపు త్రాటిని వడివడిగా లాగితిమి. ఒక పెద్దాయన, "అయ్యవార్లూ, నిలవండి! అవతలి తాడు వెనకబడుండాది. ఒక పక్కే లాగితే చేప జారిపోతాది" అని కేకవేసెను. ఒక ప్రక్క ముందైనచో వల వంకరయై, అడుగంచు నేలను విడుచును. ఆ సందున చేపలు తప్పించుకొనును.

మేము ఆగితిమి గాని అప్పటికే ఆలస్యమయ్యెను. వల ఒడ్డునకు వచ్చునప్పటికి సంచిలో కవళ్ళును నెత్తళ్ళును గంపెడైన లేవు. మాకు వినోదమైనది వారికి ఆనాటి కూడు. మేము సిగ్గుతో తలవంచుకొంటిమి. ఆ పెద్దాయన మమ్ము ఒక్క మాటయైన అనలేదు. పైగా దోసెడు కవళ్ళు మా ముందుంచి, "తాడు పట్టినోళ్ళకి పాలుంటాది" అనెను. వలదన్నను వినలేదు.

కన్నడ కరావళిలో ఇట్టి వలను రంపణి యందురు. పెక్కుమంది కూడి లాగెడి ఆ వల, 1970 దశకమున పర్సీన్ పడవలు వచ్చిన పిమ్మట క్షీణించెను. పేరు వేఱైనను లాగు తీరు ఒక్కటియే.

ఇంట తెలుగును, బయట కన్నడమును పలుకు మన పిల్లలకు ఏ భాష ముందని తలిదండ్రులు మమ్ము తఱచుగా అడుగుదురు. ఒకదానికై రెండవదానిని విడువనేల? అట్టి వేళల ఆ పెద్దాయన కేకయే మా చెవిని పడును: అవతలి త్రాటిని వెనుకబడనీయకుడు.