మన షోలాపురము మారవలెనా?

క్రొత్త పరిశ్రమల కొఱకు షోలాపురము మారవలెనా, ఉన్నట్లే యుండవలెనా యను వాదము మన పేటలలో తఱచుగా వినబడుచున్నది. క్రొత్తవారు వచ్చినచో సిద్ధేశ్వరుని చెఱువుగట్టు నెమ్మదియు, శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయస్వామి రథము వెంట నడచు బంధుభావమును చెడునని పెద్దలు కొందఱు భయపడుదురు. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. అయినను మనమును ఒకప్పు డీ యూరికి క్రొత్తవారమే కదా!

1860లో రైలుబండి యిచటికి వచ్చెను. 1877లో మొదటి పెద్ద నూలుమిల్లు వెలసెను. దానినే ఇచటివారు జూనీ మిల్లందురు. మిల్లులకు పనివారు కావలసిరి. తెలంగాణపు పల్లెలలో కఱవును, మగ్గమునకు గిరాకి తగ్గుటయు నుండెను. అట్లు మగ్గమెఱిగిన పద్మశాలి కుటుంబములు మూటముల్లె సర్దుకొని వచ్చినవి. పగలు మిల్లులో పనిచేసినవారి బిడ్డలే తరువాత మరమగ్గములు పెట్టుకొని, జకార్డు దుప్పట్లును తువాళ్లును నేసిరి. షోలాపురీ దుప్పటికి నేడు భౌగోళిక గుర్తింపు కలదు. అప్పటి యూరివారు తలుపు మూసియుండిన, ఈ పాఠశాలయు లేదు, ఈ పత్రికయు లేదు.

కాని ఒక్క వృత్తినే నమ్ముకొన్న యూరి గతియు మనము చూచితిమి. మిల్లులు ఒకటి వెనుక నొకటి మూతపడినవి. నేడు మా శిష్యులు చదువు ముగియగానే పుణెకు బండి యెక్కుదురు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన హైదరాబాదు దారి పట్టువారును గలరు. పండుగకు వచ్చి పోవుచుందురు; వారి పిల్లలు మాత్రము మన తరగతులకు రారు.

మార్పునకు మూల్యము లేకపోలేదు. విమానములకు అడ్డమని సిద్ధేశ్వర సహకార చక్కెర కర్మాగారపు పొగగొట్టమును 2023 జూన్‌లో కూల్చిరి. చెఱకు రైతులు మిక్కిలి కలతచెందిరి. 2025లో విమానములు మొదలైనవి. ఎవరి నష్టము, ఎవరి లాభము అని అడుగుట తప్పు కాదు. నీటి సంగతి యింకను పెద్దది. భీమానదిపై ఉజనీ జలాశయమున్నను, కుళాయి కొన్ని దినముల కొకసారి వచ్చుటకే ఈ యూరి గృహిణులు ఏండ్ల తరబడి అలవాటుపడిరి. ముందు నీరు, పిమ్మట అతిథి: ఇది మా యభిప్రాయము. నీటిని మిక్కిలిగా త్రాగు కర్మాగారములను పిలుచుట మనకు తగదు.

తగినవి లేకపోలేదు. పాఠశాలల యూనిఫారములు కుట్టు పని ఇచట చక్కగా పెరిగినది. ఇచట కుట్టిన దుస్తులు ఇతర రాష్ట్రములకును పోవుచున్నవి. నూలు, అద్దకము, కుట్టు అన్నియు ఒకే యూర నుండుట మన కలిమి. దీనిని పెంచుటకు రోడ్లును, నిలుకడగల విద్యుత్తును, నేర్పు గఱపు బడులును వలయును. బయటివారు పెట్టుబడితో వచ్చిన రానిండు. జీతపు చీటి, భవిష్యనిధి సక్రమముగా నిచ్చుదురా యని మాత్రము ముందే యడుగవలెను.

మొన్న పదవ తరగతిలో ఈ సంగతియే చెప్పుచుండగా ఒక బాలిక లేచినది. ఆమె తల్లి ఇంట బీడీలు చుట్టును. "అయ్యా, క్రొత్త కర్మాగారము వచ్చిన మా యమ్మ వయస్సువారిని తీసికొందురా?" అని యడిగినది. మాకు వెంటనే బదులు తోచలేదు. కుట్టుపని తెలిసిన తల్లులెవరైన ఆదివారము పాఠశాలకు వచ్చి పది మందికి నేర్పుదురా యని ఆనాడే యింటింటికి చీటి పంపితిమి. ఇంతవరకు ఇద్దఱు ఒప్పుకొనిరి. మిషన్లు రెండు కావలెను.