కళ్లజోడు సంచిలో దూది ఎందుకు? మిషన్ దానిని ఎలా కుడుతుంది?

నేటి కళ్లజోళ్ల అద్దాలలో చాలావాటిని గాజుతో కాక ప్లాస్టిక్‌తో చేస్తారు. అవి తేలికగా ఉండి సులభంగా పగలవు గాని, గాజుకన్నా మెత్తనివి కావడం వలన దుమ్ములోని సన్నని ఇసుక రేణువులు రాసుకున్నా గీతలు పడతాయి. అందుకే సంచికి మెత్తని లోపలి గుడ్డ, అంటే అస్తరు, దానికీ పైగుడ్డకూ నడుమ దెబ్బను తనలో ఇముడ్చుకొనే పాలిస్టర్ దూది పొర అవసరమవుతాయి.

ఎంబ్రాయిడరీ మిషన్‌లో సూది ఉన్నచోటనే పైకీ కిందికీ ఆడుతుండగా, గుడ్డను బిగించిన చట్రాన్ని మోటార్లు కంప్యూటర్ ఫైలులోని సూచనల ప్రకారం ముందుకూ వెనక్కూ పక్కలకూ జరుపుతాయి. ప్రతి కుట్టులోనూ పైదారం కింది బాబిన్ దారంతో మెలిపడి గుడ్డను కొద్దిగా లాగుతుంది కనుక, ముడతలు రాకుండా స్టెబిలైజర్ అనే ఊత పొరను ముందుగా చట్రంలో బిగిస్తారు. దానిపై మిషన్ మొదట సంచి ఆకారపు గీతను మాత్రమే కుట్టి ఆగుతుంది. ఆ గీత పూర్తిగా కప్పబడేలా దూదినీ పైగుడ్డనూ పరిచాక, రెంటినీ కలిపి ఏటవాలు గళ్లుగా కుడుతుంది. ఈ గళ్లు అందానికే అనుకోవడం పొరపాటు. బొంతకు వేసే కుట్ల మాదిరిగానే ఇవి దూది ఒక మూలకు జారి ముద్దకట్టకుండా ఆపుతాయి.

అసలు నేర్పు చివరి దశలో ఉంది. గుడ్డల మంచివైపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా పరిచి, చిన్న ఖాళీ వదిలి చుట్టూ కుట్టించి, చట్రం నుంచి తీశాక ఆ ఖాళీ గుండా సంచిని తిరగేస్తే కుట్లన్నీ లోపలికి పోతాయి. అయితే తిరగేయడానికి ముందే మూలల వద్ద మిగులు గుడ్డనూ దూదినీ కుట్టు తెగకుండా దగ్గరగా కత్తిరించకపోతే, అవి లోపల ఉండకట్టి మూలలు మొద్దుబారిపోతాయి.